ఫస్టియర్ ఫెయిలైతే డాక్టర్ చదువు మాట ఎత్తకూడదా?

పోస్టు కొంచెం పెద్దది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మా ఊరి చెల్లి ఒకామె నాకు ఫోన్ చేసింది. ఊళ్ళో సిగ్నల్ ఉండదు, చెరువు కట్ట మీదికి వచ్చి మాట్లాడుతోంది. బైపీసీ ఫస్టియర్. "అన్నా, రెండు పోయినయ్" అంది. ఫిజిక్స్‌లో అరవైకి 11, బోటనీలో అరవైకి 17. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. "నాన్న తునికాకు కల్లానికి రమ్మన్నడు. ఇంక కాలేజీకి పోను అన్నా, నాకు డాక్టర్ చదువు రాదు" అని నింపాదిగా చెప్పింది. పదో తరగతిలో మండలంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల అది. పది నెలల్లో తనకి చదువు రాదని నమ్మేసింది.

అంతకు వారం ముందే మన గ్రూపులో ఒక అన్న పోస్టు పెట్టాడు. ఇంటర్ మొదటి సంవత్సరమే తప్పినవాళ్ళు నీట్ అంటూ రెండేళ్ళు మూడేళ్ళు పాడు చేసుకోవద్దని, డిగ్రీలోనో నర్సింగ్‌లోనో చేరి తొందరగా నిలబడమని రాశాడు. ఆ పోస్టుకి చాలామంది అవునన్నారు. ఆ అన్న మన మంచి కోరే రాశాడు, అందులో అనుమానం లేదు. ఆయన మాటలో సగం నిజం కూడా ఉంది. మిగతా సగం తప్పు, ఆ తప్పు వల్ల ఇలాంటి పిల్లలు చెరువు కట్ట మీదే ఆగిపోతారు. అందుకే రాస్తున్నా.

ముందు నియమాలు ఏమంటున్నాయో చూద్దాం, ఎందుకంటే మన దగ్గర సగం భయం నియమాలు తెలియక వచ్చేదే.

ఎంబీబీఎస్ సీటు ఇచ్చేది నీట్ ర్యాంకుని బట్టి. ఇంటర్ మార్కులు ఆ ర్యాంకులో కలవవు. ఇంటర్‌లో 950 వచ్చినవాడికి, 600 వచ్చినవాడికి నీట్‌లో ఒకే మార్కు వస్తే ఇంటర్ మెమో చూసి ఎవర్నీ ముందు పెట్టరు. ఇంటర్ పాస్ కావాలి. ఎస్టీలకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 40 శాతం ఉండాలని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. దరఖాస్తు చేసే ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఒకసారి చూసుకోండి.

ఆ 40 శాతం ఎంతో లెక్క వేద్దాం. తెలంగాణలో ఇప్పటిదాకా ఉన్న పద్ధతి చెప్తున్నా. ఆంధ్రలో పేపర్ల తీరు ఈమధ్య మారింది, అక్కడి పిల్లలు ఇదే లెక్క వాళ్ళ మార్కులతో వేసుకోవాలి. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నాలుగు సబ్జెక్టులకు రెండేళ్ళలో ఎనిమిది థియరీ పేపర్లు, ఒక్కోటి 60. నాలుగు ప్రాక్టికల్స్, ఒక్కోటి 30. మొత్తం 600. అందులో 40 శాతం అంటే 240. ఎనిమిది పేపర్లలో కేవలం పాస్ మార్కు 21 చొప్పున వచ్చినా 168 అవుతాయి. ప్రాక్టికల్స్ నాలుగింటిలో 120కి 72 తెచ్చుకుంటే 240 పూర్తయింది. మన చెల్లి సప్లిమెంటరీలో ఆ రెండు పేపర్లు గట్టెక్కి, సెకండియర్ ఒక మాదిరిగా రాసినా ఈ గీత దాటుతుంది.

వయసు సంగతి. పరీక్ష రాసే ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్ళు నిండాలి. పై వయసు పరిమితి లేదు, 2022లో తీసేశారు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క కూడా లేదు. డిగ్రీలో చేరిన వాళ్ళూ రాయొచ్చు.

అంటే నియమాల ప్రకారం ఫస్టియర్ ఫెయిలైన పిల్లకి తలుపు మూసుకోలేదు. మూసింది మనం. "నీకెందుకు ఆ చదువు" అనే మాటతో మూశాం.

ఇక ఎందుకు ఫెయిలవుతున్నారో చూద్దాం. ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. నేనూ ఫస్టియర్ ఫెయిలైనవాణ్ణే. ఇప్పుడు హౌస్ సర్జన్సీ చేస్తున్నా కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నా, లేకపోతే దాచుకునేవాణ్ణేమో.

పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాల, తెలుగు మీడియం. ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు. అదే నాకు రెండో భాష. పది తర్వాత ప్రభుత్వం ఫీజు కట్టే పథకంలో పట్నంలో ఒక పెద్ద కాలేజీలో సీటొచ్చింది. ఊరంతా సంబరపడింది. అక్కడ మొదటి రోజు నుంచి ఇంగ్లిష్. వెలాసిటీ, యాక్సిలరేషన్ అంటుంటే అవి నాకు తెలిసిన వేగం, త్వరణమే అని తెలియడానికి నెల పట్టింది. ఆ నెలలో వాళ్ళు నాలుగు చాప్టర్లు దాటేశారు. వారం వారం పరీక్ష, గోడ మీద మార్కుల లిస్టు, లిస్టు చివర్లో మేమే. ర్యాంకులొచ్చే సెక్షన్‌కి ఒకరు, మాకు ఇంకొకరు చెప్పేవారు. మమ్మల్ని పేరుతో కాకుండా "స్కీమ్ బ్యాచ్" అని పిలిచేవారు. సందేహం అడిగితే నవ్వుతారని అడగడం మానేశాను. దీపావళికి ఇంటికెళ్ళినవాణ్ణి జ్వరం వంకతో ఇరవై రోజులు ఉండిపోయాను. మార్చిలో రాసిన పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ పోయాయి.

నా తెలివి పదో తరగతిలో ఎంతో ఇంటర్‌లోనూ అంతే. భాష మారింది, వేగం మారింది, పక్కన మనిషి లేడు. లెక్కల పునాది కూడా లేదు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మాకు లెక్కల సారు సగం ఏడాది లేడు. ఫిజిక్స్ రాలేదని ఇంటర్‌లో అనుకున్నా, అసలు రానిది సమీకరణంలో ఒక అంకెని ఇటునుంచి అటు మార్చడం. అది ఎనిమిదో తరగతి పని. అది నేర్చుకున్న రెండు నెలలకు ఫిజిక్స్ నాతో మాట్లాడటం మొదలుపెట్టింది.

కాబట్టి బలహీనమైన మొదలు అంటే బుర్ర లేకపోవడం అని తేల్చేవాళ్ళు, ఆ పిల్ల ఏ మెట్టు ఎక్కకుండా పై మెట్టు మీదికి నెట్టబడిందో ఒకసారి చూడాలి.

ఇప్పుడు ఆ అన్న చెప్పిన సగం నిజం దగ్గరికి వస్తా. ఇది కూడా గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే కేవలం "నువ్వు చేయగలవు" అని చప్పట్లు కొట్టి పంపడం కూడా మోసమే.

నీట్‌లో క్వాలిఫై కావడం వేరు, సీటు రావడం వేరు. 2025లో ఎస్టీ, ఎస్సీ, బీసీలకు అర్హత మార్కు 720కి 113. 120 వచ్చిన తమ్ముడు క్వాలిఫైడ్ అని స్టేటస్ పెట్టుకుంటాడు, ఊళ్ళో స్వీట్లు పంచుతారు, కౌన్సెలింగ్‌లో చివరి రౌండు దాకా పేరు రాదు. ఆ అవమానంతో చదువే మానేసిన వాళ్ళని చూశాను. సీటు మార్కు అర్హత మార్కు కంటే చాలా పైన ఉంటుంది. తెలంగాణ వాళ్ళు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్ర వాళ్ళు ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పోయిన ఏడాది అలాట్‌మెంట్ లిస్టు తీసి, ఎస్టీ కేటగిరీలో చివరి సీటు ఎన్ని మార్కులకు ఆగిందో చూడండి. మీ గురి ఆ అంకె మీద ఉండాలి.

రెండోది, లాంగ్ టర్మ్ ఏడాది ఉచితం కాదు. నేను రెండేళ్ళు లాంగ్ టర్మ్ చేశాను. మొదటిసారి నీట్‌లో 118, రెండోసారి 268, మూడోసారి 421. ఫీజు నేను కట్టలేదు, గురుకులంలో చదివాను. అయినా ఖర్చు అయింది. నేను ఇంట్లో లేని ఆ రెండేళ్ళు మిర్చి తోటల కూలికి నా బదులు తమ్ముడు వెళ్ళాడు. పది పాసయిన వాడు ఇంటర్‌లో చేరలేదు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు. నా సీటులో సగం వాడిది. ఇది ఎవరికీ చెప్పుకునే మాట కాదు, కానీ "రాయి, మళ్ళీ రాయి" అని ఊరికే ప్రోత్సహించే ముందు ఆ ఇంట్లో ఇంకెవరి చదువు ఆగుతుందో అడగాలని చెప్పడానికి రాస్తున్నా.

అందుకని నా అభిప్రాయం ఇది. ఫస్టియర్ మార్కులు చూసి ఎవర్నీ ఆపొద్దు. అలాగని ఎవర్నీ లెక్క లేకుండా పంపొద్దు. మూడు ప్రశ్నలు వేసుకుని నిర్ణయం తీసుకోవాలి.

ఒకటి, తప్పిన సబ్జెక్టులో ఎక్కడ తప్పారో మీకు తెలుసా? "ఫిజిక్స్ రాదు" అనేది జవాబు కాదు. "వెక్టర్స్ అర్థం కాలేదు, లాగరిథమ్స్ చూడటం రాదు" అనేది జవాబు. రెండోది చెప్పగలిగినవాళ్ళు బాగుపడతారు.

రెండు, సప్లిమెంటరీకి ఉన్న ఆ నాలుగు వారాలు కూర్చున్నారా? లాంగ్ టర్మ్‌లో ఏడాది కూర్చోగలరా లేదా అన్నదానికి ఇదే అసలు పరీక్ష. ఫలితాలొచ్చాక ఏడ్చి, తర్వాత లేచి, రెండు పేపర్లు పట్టుకుని చదివి పాసైన పిల్ల మీద నేను పందెం కాస్తా. ఎన్ని మార్కులతో పాసైందన్నది నాకు పెద్ద విషయం కాదు.

మూడు, మళ్ళీ రాస్తే మార్కు ఎంత పెరిగింది? 118 నుంచి 268 అయితే మూడోసారి రాయడంలో అర్థం ఉంది. 210, 225, 230 అని తిరుగుతుంటే చదివే పద్ధతిలో తప్పుంది, అదే పద్ధతిలో నాలుగో ఏడాది పెట్టొద్దు. అప్పుడు నర్సింగ్, ఫార్మసీ, బీఎస్సీ ఏదైనా గౌరవంగా చేరాలి. నీట్ ర్యాంకుతోనే బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో సీట్లూ ఉంటాయి. మన ఏజెన్సీలో ఏఎన్ఎం అక్క లేకపోతే డాక్టర్ ఏం చేయగలడు? నర్సింగ్ తక్కువ చదువు కాదు. కానీ అది ఆ పిల్ల లెక్క చూసుకుని ఎంచుకున్నది కావాలి, మనం భయపెట్టి తోసింది కాకూడదు.

చదివే తీరు గురించి కూడా నాలుగు మాటలు. ఇప్పుడు నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. బయాలజీ 90 ప్రశ్నలు, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఒప్పుకి 4, తప్పుకి ఒకటి కోత. అంటే సగం మార్కులు బయాలజీవే. బలహీనంగా మొదలైన మన పిల్లలకు ఇదే మొదటి ఆసరా. బయాలజీలో 75 ఒప్పు, 10 తప్పు అయితే 290. కెమిస్ట్రీలో 25 ఒప్పు, 8 తప్పు అయితే 92. ఫిజిక్స్‌లో 15 ఒప్పు, 5 తప్పు అయితే 55. మొత్తం 437. చూడండి, ఫిజిక్స్‌లో మూడో వంతు ప్రశ్నలే వచ్చాయి. ఫిజిక్స్ అంటే భయం ఉన్నంత మాత్రాన కథ అయిపోలేదు. అయితే తెలియని ప్రశ్నలన్నీ గుడ్డిగా దిద్దితే లాభం లేదు. ఫిజిక్స్ మొత్తం 45 ఊహించి దిద్దితే నాలుగింటికొకటి తగిలిందనుకున్నా 11 ఒప్పు, 34 తప్పు. మిగిలేది పది మార్కులు.

బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. లైను లైను, బొమ్మ కింద రాసిన చిన్న అక్షరాలతో సహా చదవాలి. అకాడమీ పుస్తకం అర్థం చేసుకోవడానికి పక్కన పెట్టుకోండి. తెలుగు మీడియం వాళ్ళు దరఖాస్తులో తెలుగు భాష ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో వస్తుంది. కానీ అనువాదంలో తేడా ఉంటే ఇంగ్లిష్‌నే చివరి మాటగా తీసుకుంటారు. అందుకని రోజూ పది ఇంగ్లిష్ పదాలు తెలుగు అర్థంతో నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదటి రోజు నుంచి చేయాలి. ఆ నోట్‌బుక్కే నన్ను ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో కూడా కాపాడింది.

దాని గురించీ చెప్పాలి. కొందరు మనల్ని "కోటాలో వచ్చారు" అంటారు. మనలో కొందరు ఆ మాటకి కుంగిపోయి ర్యాంకు దాచుకుంటారు. రిజర్వేషన్ మనకి తలుపు దగ్గర చోటు ఇస్తుంది. అఖిల భారత కోటాలో 7.5 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం, ఆంధ్రలో 6 శాతం. అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు. లోపలికి వెళ్ళాక అనాటమీ పేపర్ అందరికీ ఒకటే, పాస్ మార్కు ఒకటే. మొదటి సంవత్సరం నాలుగు ప్రయత్నాల్లో దాటకపోతే ఎవరైనా సరే బయటికే. నేను మొదటి ఇంటర్నల్స్‌లో అనాటమీ ఫెయిలయ్యాను. మళ్ళీ అదే సంగతి, భాష మారింది, వేగం మారింది. కానీ ఈసారి భయపడలేదు, ఎందుకంటే ఫెయిలై లేవడం నాకు అప్పటికే వచ్చు. నా రూమ్మేట్ ఎప్పుడూ ఫస్ట్ వచ్చినవాడు, జీవితంలో మొదటిసారి ఫెయిలై వారం రోజులు అన్నం తినలేదు. ఫస్టియర్‌లో తప్పడం నాకు ఇచ్చిన ఒకే ఒక్క మంచి అది.

ఇక అసలు ఇదంతా ఎందుకు? ఎవరో ఒకరు డాక్టర్ అవుతారు కదా, మన పిల్లే కావాలా?

ఈమధ్య నా డ్యూటీలో లోపలి గూడెం నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. తెలుగు సరిగా రాదు. ముందు చూసినవాళ్ళు "కడుపు నొప్పి" అని రాసి మాత్రలు ఇచ్చి పంపారు. మళ్ళీ వచ్చింది. నేను కోయలో అడిగితే ఆమె కళ్ళు వేరే అయ్యాయి. నొప్పి కడుపులో కాదు, పక్కటెముకల కింద ఎడమ పక్క, ఎముకల్లో కూడా అప్పుడప్పుడు వస్తుంది, చిన్నప్పటి నుంచి ఉంది, చెల్లెలు అలాగే పోయింది అని మొత్తం చెప్పింది. సికిల్ సెల్ పరీక్ష రాయించాం. సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్రం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టింది, 2047 గడువు పెట్టుకుంది. మిషన్ ఉన్నా, ఆ పెద్దమ్మ మాట అర్థమయ్యే మనిషి ఎదురుగా లేకపోతే ఆమె పేరు ఏ లెక్కలోకీ రాదు. డోలీలో గర్భిణిని మోసుకొచ్చే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ దారి ఎంత దూరమో నడిచిన కుటుంబంలో పుట్టిన డాక్టర్‌కి తెలుస్తుంది.

మెడికల్ కాలేజీలు మన పక్కకే వచ్చాయి. 2022లో కొత్తగూడెం, మహబూబాబాద్, 2023లో ఆసిఫాబాద్, 2024లో ములుగు, పాడేరు. మన గడ్డ మీద కాలేజీ కట్టాక అందులో మన పిల్లలు రోగులుగానే కనిపిస్తే ఏం లాభం?

అందుకే ఇది ఒక్కో పిల్ల సొంత సమస్య అని వదిలేయొద్దని అంటున్నా. గ్రూపులో ఉన్న మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఫలితాలొచ్చిన రోజు పాసైనవాళ్ళ ఫోటోలు పెడతాం, మంచిదే. అదే రోజు తప్పినవాళ్ళకి ఫోన్ చేసే పని కూడా ఎవరో ఒకరు తీసుకోవాలి. ఒక్కో సీనియర్ ఒక్క పిల్ల బాధ్యత తీసుకుంటే చాలు. పాఠం చెప్పక్కర్లేదు, వారానికి ఒకసారి "ఏ చాప్టర్‌లో ఉన్నావ్" అని అడిగితే చాలు. నన్ను అలా అడిగిన అన్న ఒకడున్నాడు, అందుకే ఇక్కడ ఉన్నా.

సర్టిఫికెట్ల పని కోసం ఫలితాలు వచ్చేదాకా ఆగొద్దు. కులం సర్టిఫికెట్, ఆదాయం, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ముందే తీసి పెట్టించాలి. ఆశ్రమ పాఠశాలలు రెండు మూడు మారిన పిల్లలకి స్టడీ సర్టిఫికెట్ల కోసమే పది రోజులు పడుతుంది. నీట్ దరఖాస్తులో కేటగిరీ దగ్గర ఎస్టీ అని పడిందో లేదో సబ్మిట్ చేసే ముందు ఇద్దరు చూడాలి. నెట్ సెంటర్‌లో తొందరలో జనరల్ అని కొట్టేసిన కేసు నాకు తెలుసు. డిగ్రీలో చేరి నీట్ రాసేవాళ్ళు ఒరిజినల్ మెమోలు, టీసీ కాలేజీలో ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. కౌన్సెలింగ్ రోజు వాటికోసం తిరిగితే సీటు ఆగదు.

ఇక అడగాల్సిన చోట గట్టిగా అడగాలి. గురుకుల లాంగ్ టర్మ్ కోచింగ్‌లో సీట్లు ఇచ్చేటప్పుడు ఇంటర్‌లో ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళతోనే నింపేయకుండా, సప్లిమెంటరీలో పాసై పట్టుదల చూపించిన పిల్లలకి కూడా కొన్ని సీట్లు ఉంచమని ఐటీడీఏ పీఓలని, గురుకుల సొసైటీలని అడుగుదాం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి ఇంటర్ మొదట్లో నెల రోజులు లెక్కలు, ఇంగ్లిష్ పదాలు నేర్పే బ్రిడ్జి క్లాసు పెట్టమని అడుగుదాం. జూన్‌లో ఆ ఒక్క నెల పెడితే మార్చిలో ఎంతమంది నిలబడతారో చూడొచ్చు. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు.

చెల్లి సంగతికి వస్తా. ఆ రాత్రి వాళ్ళ నాన్నతో మాట్లాడాను. "బాబాయ్, తునికాకు కల్లానికి పొద్దున పూట రానీ, మధ్యాహ్నం నుంచి మాత్రం దాన్ని వదిలెయ్, సప్లిమెంటరీ అయ్యేదాకా" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పాసైతే డాక్టరైతదా?" అని అడిగాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అయితదని చెప్పలేను బాబాయ్. కానీ ఇప్పుడు ఆపితే కాదని మాత్రం చెప్పగలను" అన్నాను. "సరే, మధ్యాహ్నం నుంచి" అన్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం చెరువు కట్ట మీద నుంచి ఫోన్ చేస్తుంది. నిన్న వెక్టర్స్ అడిగింది. వాగు దాటే పడవని ప్రవాహం పక్కకి ఎలా నెడుతుందో చెప్తే, "ఇది మనకి తెలిసిందే కదన్నా" అంది. అవును, తెలిసిందే. ఇంగ్లిష్‌లో చెప్పేసరికి తెలియనిది అయింది, అంతే.

ఆమెకి సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చే ఏడాది నీట్ రాశాక మార్కు చూసి కూర్చుని మళ్ళీ లెక్క వేసుకుంటాం. పోస్టు పెట్టిన అన్నకి నా మనవి ఒక్కటే. పిల్లలకి జాగ్రత్త చెప్పు అన్నా, వద్దని మాత్రం చెప్పకు. మీ ఊళ్ళో ఈసారి ఎవరెవరు తప్పారో కనుక్కుని ఒక్కరికైనా ఈరోజు ఫోన్ చెయ్యండి. సప్లిమెంటరీకి ఇంకా టైం ఉంది.

జై ఆదివాసీ.